కార్డు పోయింది, బ్యాకప్ ఉంది: హోమ్ అసిస్టెంట్‌ను మళ్లీ నిలబెట్టిన డైరీ

ఇప్పటికే ఇంట్లో హోమ్ అసిస్టెంట్ (లైట్లు, మోటారు లాంటివాటిని నడిపే సర్వరు సాఫ్ట్‌వేర్) నడుపుతున్నవాళ్లకే ఈ రాత. దాన్ని ఎందుకు, ఎలా పెట్టుకోవాలో ఇక్కడ ఉండదు. బ్యాకప్ ఫైలు చేతిలో ఉన్నా పని ఎక్కడెక్కడ ఆగింది, ఏ కొలత చూసి ఏం మార్చాను అన్నదే ఉంటుంది. చాలా దశల చివర లెక్క రాశాను: ఖర్చెంత, మొత్తం 34 పరికరాల్లో ఎన్ని తిరిగొచ్చాయి.

దశ 0: ఏం ఆగింది, ఏం మిగిలింది

మే నెల గాలివానకి కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. చివరిసారి వచ్చాక సర్వరు లేవలేదు. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు (చిన్న కంప్యూటరు), 32 జీబీ మెమరీ కార్డు, దాని మీద హోమ్ అసిస్టెంట్ ఓఎస్. టీవీకి తగిలించి చూస్తే తెర నిండా ఫైల్ సిస్టమ్ లోపాలు దొర్లి, డేటా పార్టిషన్ దగ్గరికొచ్చి నిలబడిపోతోంది.

సర్వరు మీద ఆధారపడ్డవి ఇవి: ఈఎస్‌పీహోమ్ బోర్డులు 6, టాస్మోటా బోర్డులు 7 (బోరు మోటారు వీటిలోనే), జిగ్‌బీ పరికరాలు 19, టీవీ, ఇన్వర్టర్ మీటరు. ఈఎస్‌పీహోమ్, టాస్మోటా అనేవి చిన్న వైఫై బోర్డుల్లో నడిచే సాఫ్ట్‌వేర్లు, జిగ్‌బీ వైఫై కాని వేరే రేడియో పద్ధతి.

ఆగిన కాసేపటికే అమ్మ కేకేసింది. “ఒరేయ్, హాల్లో లైటు పావుగంటకోసారి దానంతటదే ఆరిపోతోందిరా. నువ్వేమన్నా ఫోన్లో నొక్కుతున్నావా?”

నొక్కడానికి సర్వరు ఉంటే కదా. ఈఎస్‌పీహోమ్ బోర్డులో, సర్వరుతో మాట్లాడే ఏపీఐ భాగానికి 15 నిమిషాల గడువు ముందే పెట్టి ఉంటుంది. అంతసేపూ సర్వరు పలకకపోతే, లోపం తనదేననుకుని బోర్డు తనే రీస్టార్ట్ అవుతుంది. రిలేకి (లైటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌కి) మనం వేరేగా చెప్పకపోతే లేచినప్పుడు ఆఫ్‌లోనే లేస్తుంది. కాబట్టి సర్వరు లేనంతకాలం లైటు పావుగంటకోసారి ఆరాల్సిందే. దీనికి మందు రెండు మార్పులు: రీబూట్ టైమవుట్ సున్నా చేయడం, రిలే రిస్టోర్ మోడ్‌ను పాత స్థితి గుర్తుంచుకునేలా పెట్టడం. ల్యాప్‌టాప్‌లో ఈఎస్‌పీహోమ్ ఎక్కించి ముందు హాలు బోర్డుకి ఈ రెండూ పెట్టేశాను. ఇంట్లో గొడవ తగ్గితేగానీ మిగతా పని ప్రశాంతంగా సాగదు.

బ్యాకప్ సంగతి: రోజూ తెల్లవారుజామున ఆటోమేటిక్‌గా తయారై గూగుల్ డ్రైవ్‌కి వెళ్తుంది. కూలిన రోజు తెల్లవారుజామున తీసినది భద్రంగా ఉంది. సైజు 2.9 జీబీ.

లెక్క: ఖర్చు రూ. 0. పరికరాలు 0/34.

దశ 1: తాళం చెవి పాత కార్డులో

2025.1 వెర్షన్ నుంచి ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి. కీ లేకపోతే ఆ 2.9 జీబీ వట్టి బరువు. కీ ఉండేది ఎమర్జెన్సీ కిట్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో. ఆ ఫైలు దించుకున్న ల్యాప్‌టాప్ అమ్మేసి చాలా కాలమైంది.

అయితే ఆ కీ ఇంకోచోట కూడా ఉంటుంది. కాన్ఫిగ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే స్టోరేజ్ అనే దాపుడు ఫోల్డరు ఉంది కదా, అందులో బ్యాకప్ అనే ఫైలు. పాస్‌వర్డ్ అన్న చోట కీ మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. అంటే చచ్చిన కార్డులోంచి ఒక్క చిన్న ఫైలు బయటికొస్తే చాలు.

1. కార్డును లినక్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టాను. మౌంట్ చేయలేదు, అంటే ఫైళ్లు చూడ్డానికి తెరవలేదు. పోతున్న కార్డు మీద ఒక్క అక్షరం కూడా రాయనివ్వకూడదు.
2. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో కార్డు మొత్తాన్ని ఇమేజ్ ఫైలుగా తీశాను. మ్యాప్ ఫైలు తప్పకుండా పెట్టాలి. మధ్యలో ఆగినా అక్కడినుంచే అందుకుంటుంది.
3. మొదట సెకనుకు 18 ఎంబీ వేగంతో పరిగెత్తింది. డేటా పార్టిషన్ మధ్యకొచ్చాక కిలోబైట్లలోకి పడిపోయింది. రాత్రంతా వదిలేశాను. పొద్దునకి చదవలేని భాగం 118 ఎంబీ దగ్గర తేలింది.
4. ఇమేజ్‌ను లూప్ పరికరంగా (ఫైలునే డిస్కులా చూపించే పద్ధతి) తగిలించి, హాస్‌ఓఎస్-డేటా అనే పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే తెరిచాను. మొదట తెరుచుకోలేదు. ఈఎక్స్‌టీ4 జర్నల్ (ఫైల్ సిస్టమ్ తన రాతలను నమోదు చేసుకునే చిట్టా) సగంలో తెగిపోయి ఉంది, దాన్ని సరిచేయాలని చూసి వెనక్కి తంతోంది. నోలోడ్ అనే ఆప్షన్ కలిపితే జర్నల్ జోలికి పోకుండా తెరుచుకుంది.

కీ దొరికింది. కాగితం మీద రాసుకుని, ఫోన్లో ఫొటో తీసి, బీరువా లాకర్లో కాగితం పెట్టేశాను.

ఇమేజ్ చేతిలో ఉందిగా, బ్యాకప్ ఎందుకు, ఆ ఫోల్డర్లే కాపీ చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. చూశాను. ఎంటిటీ రిజిస్ట్రీ ఫైలు సైజు 0 బైట్లు. కరెంటు పోయే క్షణంలో ఆ ఫైలు రాస్తూ ఉండి ఉంటుంది. స్విచ్చులకీ సెన్సార్లకీ మీరు పెట్టుకున్న పేర్లు, ఐకాన్లు ఆ ఫైల్లోనే ఉంటాయి. అది లేకుండా మిగతాది తెచ్చుకుంటే, అవన్నీ ముందే ఇచ్చిన పేర్లతో వచ్చి కూర్చుంటాయి. డేటాబేస్ కూడా పాడైంది. కార్డులోంచి కీ మాత్రమే తీసుకుని ఇమేజ్ పక్కన పెట్టేశాను.

లెక్క: ఖర్చు రూ. 0. పరికరాలు 0/34.

దశ 2: కార్డు బదులు ఎస్ఎస్‌డీ

మళ్లీ మెమరీ కార్డు వద్దనుకున్నాను. రికార్డర్ (హోమ్ అసిస్టెంట్‌లో చరిత్ర దాచే భాగం) మామూలుగా 5 సెకన్లకోసారి డేటాబేస్‌లోకి రాస్తుంది. చవక కార్డు మీద ఆ పని పెట్టడం న్యాయం కాదు. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ రూ. 1,650, యూఎస్‌బీ కేబుల్ రూ. 550.

ఇక్కడ మూడు అడ్డంకులు వరసగా వచ్చాయి.

మొదటిది బూట్‌లోడర్, అంటే బోర్డును మొదట లేపే చిన్న ప్రోగ్రాము. నాది తొలి రోజుల్లో కొన్న పై 4. యూఎస్‌బీ నుంచి బూట్ అవడం దానికి తెలియదు. పాత 8 జీబీ కార్డు ఒకటి తీసి, రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్లో ఉన్న యూఎస్‌బీ బూట్ అనే బూట్‌లోడర్ ఇమేజ్ రాసి పెట్టాను. టీవీ తెర మొత్తం ఆకుపచ్చగా మారితే పని అయినట్టు.

రెండోది కరెంటు. ఎస్ఎస్‌డీ తగిలించగానే తెర మీద మెరుపు గుర్తు. ఇన్నాళ్లూ పాత ఫోన్ ఛార్జరే వాడుతున్నాను. యూఎస్‌బీ మీటరు పెట్టి చూశాను:

- పాత ఛార్జరు, కార్డుతో: 4.81 వోల్టులు
- పాత ఛార్జరు, ఎస్ఎస్‌డీతో, పని ఒత్తిడిలో: 4.58
- 5.1 వోల్టులు 3 ఆంపియర్ల అసలు అడాప్టరుతో, అదే ఒత్తిడిలో: 5.04

4.63 కంటే తగ్గితే పై బోర్డు వోల్టేజీ తక్కువని నమోదు చేస్తుంది. కొత్త అడాప్టరు రూ. 850. ఫోన్ ఛార్జరు మీద 5 వోల్టులు 3 ఆంపియర్లని రాసి ఉన్నా, సన్నటి కేబుల్లో కొంత వోల్టేజీ దారిలోనే పోతుంది. అందుకే కేబుల్ అడాప్టరుకే కలిసి ఉన్నది తీసుకోవడం నయం.

మూడోది కేబుల్లోని చిప్. బూట్ అయింది, కానీ పెద్ద ఫైలు రాసేటప్పుడు అర నిమిషం బిగుసుకుపోతోంది. కెర్నెల్ లాగ్‌లో యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులతో వేగంగా మాట్లాడే పద్ధతి) అబార్ట్ అని వరసలు. జేమైక్రాన్ చిప్ ఉన్న చాలా కేబుళ్లకి పై 4 మీద ఉన్న రోగమే ఇది. యూఏఎస్ ఆపేస్తే కుదురుకుంటుంది: బూట్ పార్టిషన్‌లోని సీఎండీలైన్ ఫైల్లో, ఉన్న వరసలోనే చివర ఒక ఖాళీ వదిలి, యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ అనే పారామీటరు చేర్చాలి. దానికి విలువ మీ కేబుల్ గుర్తింపు సంఖ్య, నాకైతే 152డి:0578, ఆ తర్వాత ఇంకో కోలన్ గుర్తు (:), యూ అక్షరం. కొత్త వరస కొట్టకూడదు. ఆ ఫైల్లో అంతా ఒకే వరస. వేగం కొంచెం తగ్గింది, బిగుసుకోవడం పోయింది.

లెక్క: ఖర్చు రూ. 3,050. పరికరాలు 0/34.

దశ 3: బ్యాకప్ ఎక్కించడం

కొత్త ఓఎస్ లేచాక మొదటి తెర మీదే బ్యాకప్ నుంచి ఎక్కించే దారి ఉంటుంది. 2.9 జీబీ ఫైలు బ్రౌజర్లోంచి పంపితే చివరిదాకా వెళ్లి గుండ్రం తిరుగుతూ ఉండిపోయింది. బ్రౌజరు మార్చినా అంతే. చిన్న ఫైళ్లకి ఆ దారి బాగుంటుందేమో, దీనికి పనికిరాలేదు. చుట్టుదారి:

1. ఏదో ఒక పేరుతో తాత్కాలిక అకౌంటు పెట్టి లోపలికి వెళ్లాను. రిస్టోర్ అయ్యాక ఇది పోయి పాత అకౌంట్లే వస్తాయి.
2. సూపర్‌వైజర్ (హోమ్ అసిస్టెంట్‌నీ దాని యాడ్-ఆన్లనీ నడిపే భాగం) అప్‌డేట్ అయ్యేదాకా ఆగాను. బ్యాకప్ తీసిన సూపర్‌వైజర్ కంటే పాతది ఉంటే రిస్టోర్ ఒప్పుకోదు.
3. సాంబా యాడ్-ఆన్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే అదనపు ప్రోగ్రాము) వేసి, బ్యాకప్ ఫోల్డర్లోకి ల్యాప్‌టాప్ నుంచి ఫైలు కాపీ చేశాను. లాన్ కేబుల్ మీద కొద్ది నిమిషాల పని.
4. సెట్టింగ్స్‌లో బ్యాకప్‌ల జాబితాలో ఫైలు కనిపించింది. కీ అడిగింది, ఇచ్చాను.

నొక్కే ముందు, పెరట్లోకి వెళ్లి మెయిన్ ఎంసీబీ దించి, టెస్టరుతో చూసుకుని, మోటారు స్టార్టర్లో కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కి వెళ్లే వైరు ఊడదీసి టేపు చుట్టి, ఎంసీబీ మళ్లీ ఎత్తాను. ఈ ఇంట్లో తప్పుడు సంకేతం వస్తే డబ్బు కాలిపోయే పరికరం అదొక్కటే. బల్బు దానంతటదే వెలిగితే నవ్వుకుంటాం. నీళ్లు అడుగంటిన బోర్లో మోటారు ఒట్టిగా తిరిగితే వైండింగ్ పోతుంది. అందుకే మోటారు అన్నిటికంటే చివర.

రిస్టోర్ నొక్కాక పేజీ తెల్లగా అయిపోతుంది. కంగారుపడి ప్లగ్ పీకొద్దు. అదే అడ్రసులో 8123 బదులు 4357 పోర్టు కొడితే అబ్జర్వర్ పేజీ వస్తుంది. సూపర్‌వైజర్ బతికే ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. ఆలస్యానికి అసలు కారణం ఇంటర్నెట్. బ్యాకప్‌లో యాడ్-ఆన్ల సెట్టింగులు, డేటా ఉంటాయి కానీ మామూలు యాడ్-ఆన్ల ప్రోగ్రాములు ఉండవు. మాస్కిటో (పరికరాల మధ్య ఎంక్యూటీటీ పద్ధతిలో సందేశాలు పంచే బ్రోకర్), జిగ్‌బీ2ఎంక్యూటీటీ (జిగ్‌బీ పరికరాలను ఆ బ్రోకర్‌కి కలిపేది), అన్నీ మళ్లీ దిగాలి. గాలివాన రోజున ఫైబర్ కూడా తెగి ఉంటే రిస్టోర్ సగంలో ఆగినట్టే.

లేచింది. ఫోన్లలో యాప్‌లు మళ్లీ లాగిన్ కూడా అడగలేదు, ఆ టోకెన్లూ బ్యాకప్‌లోనే వచ్చాయి. ఈఎస్‌పీహోమ్ బోర్డులు ఆరూ వాటంతటవే కలిశాయి. వాటిని సర్వరే వెతుక్కుంటూ వెళ్తుంది కాబట్టి. టీవీ, ఇన్వర్టర్ మీటరు కూడా.

లెక్క: ఖర్చు రూ. 3,050. పరికరాలు 8/34.

దశ 4: అడ్రసు

టాస్మోటా బోర్డులు ఏడూ చీకట్లోనే. వాటి పద్ధతి వేరు, సర్వరును వెతుక్కుంటూ అవే రావాలి. వాటిలో రాసి ఉన్న బ్రోకర్ అడ్రసు 192.168.1.50. సర్వరుకి ఇప్పుడున్న అడ్రసు 192.168.1.37.

పాతరోజుల్లో పై బోర్డు వైఫై మీద నడిచేది, ఇప్పుడు లాన్ కేబుల్ మీద. రెండిటికీ మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ చిప్ గుర్తింపు సంఖ్యలు) వేరు, రౌటరు దృష్టిలో ఇది కొత్త మనిషి. హోస్ట్ నెట్‌వర్క్ సెట్టింగులు, అంటే స్టాటిక్ అడ్రసు, వైఫై పాస్‌వర్డు, బ్యాకప్‌లో రావు. రౌటర్లో కొత్త మ్యాక్‌కి 50 కేటాయించి రీస్టార్ట్ చేస్తే టాస్మోటా బోర్డులు ఒక్కొక్కటే పలికాయి. మోటారు బోర్డు కూడా పలికింది కానీ దాన్ని ఇంకా లెక్కలో వేయడం లేదు.

లెక్క: ఖర్చు రూ. 3,050. పరికరాలు 14/34.

దశ 5: జిగ్‌బీ

జిగ్‌బీ స్టిక్ (సర్వరుకి తగిలించే యూఎస్‌బీ రేడియో) పాతదే. జిగ్‌బీ నెట్‌వర్క్ వివరాలు స్టిక్ మెమరీలోనే ఉంటాయి, జిగ్‌బీ2ఎంక్యూటీటీ ఫోల్డర్లో కోఆర్డినేటర్ బ్యాకప్ అనే ఫైల్లో కూడా ఉంటాయి. కాబట్టి ఒక్కటి కూడా మళ్లీ జత చేయనక్కర్లేదు. లెక్క ప్రకారం.

వచ్చినవి 11. మిగతావి వచ్చి పోతున్నాయి. లింక్ క్వాలిటీ అంకెలు చూశాను (గరిష్ఠం 255):

- వంటింటి మోషన్ సెన్సారు: కూలకముందు 96, ఇప్పుడు 18
- మేడ మీద ట్యాంకు గది ప్లగ్: ముందు 71, ఇప్పుడు అసలు లేదు
- హాలు బల్బు: ముందు 140, ఇప్పుడు 62

సర్వరు ఉన్నచోటు మారలేదు, స్టిక్ పక్కన కొత్తగా చేరింది ఎస్ఎస్‌డీ ఒక్కటే. అది నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో ఉంది, దాని పక్కనే స్టిక్. యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసి పెట్టింది. జిగ్‌బీ ఉండేదీ అక్కడే.

ఒక మీటరు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ రూ. 180. స్టిక్‌ను నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చి, కేబుల్‌తో గోడ మీదికి ఎత్తి కట్టాను. వంటింటి సెన్సారు 104, ట్యాంకు గది ప్లగ్ 78, హాలు బల్బు 151. ముందున్న అంకెల కంటే మెరుగు. అంటే ఇన్నాళ్లూ కూడా బోర్డుకి అంటుకుని ఉండటం వల్ల కొంత పోతూనే ఉందన్నమాట.

బ్యాటరీ సెన్సార్లని తొందరపెట్టొద్దు. అవి నిద్రపోతుంటాయి. ప్లగ్గులూ బల్బులూ 10 నిమిషాలు పలకకపోతే లేనట్టు లెక్క. బ్యాటరీవాటికి జిగ్‌బీ2ఎంక్యూటీటీ ఇచ్చే గడువు 25 గంటలు. మర్నాటికి 18 వచ్చాయి. రానిది గేటు తలుపు సెన్సారు.

లెక్క: ఖర్చు రూ. 3,230. పరికరాలు 32/34.

దశ 6: మోటారు

ఈ దశలో తొందర పడలేదు. కాయిల్ వైరు ఊడే ఉంది. ఎంసీబీ దించి, మల్టీమీటరు ప్రోబులు ఆ వైరు కొసకీ న్యూట్రల్‌కీ క్లిప్పులతో తగిలించి, మళ్లీ ఎత్తాను. ఎవరూ ఏదీ నొక్కలేదు. బోర్డు లేచింది, వైఫై అందుకుంది, బ్రోకర్‌కి కలిసింది, ఆ వెంటనే టక్‌మని రిలే. మీటరు మీద 231 వోల్టులు. వైరు బిగించి ఉంటే మోటారు తిరిగేసేది, పైన ట్యాంకు నిండుగా ఉన్నా.

ఎవరు చెప్పారు దానికి? ఎంక్యూటీటీ ఎక్స్‌ప్లోరర్ తెరిచి చూస్తే మోటారుకి ఆజ్ఞలు వచ్చే కమాండ్ టాపిక్ మీద ఆన్ అనే రిటైన్డ్ సందేశం (బ్రోకర్ దాచి ఉంచి, తర్వాత కలిసినవాళ్లకీ ఇచ్చేది) కూర్చుని ఉంది. వంటింట్లో గోడ మీటకున్న టాస్మోటా బోర్డు తన సందేశాన్ని రిటైన్ చేస్తుంది. మీట నొక్కినప్పుడు మోటారు బోర్డుకి సిగ్నల్ లేకపోయినా తర్వాత అందాలని అలా పెట్టుకున్నది. ఆ రోజు తెల్లవారుజామున ఆ మీట నొక్కి మోటారు వేశారు. బ్యాకప్ తీసింది ఆ సమయంలోనే. బ్రోకర్ తన దగ్గరున్న రిటైన్డ్ సందేశాలన్నీ డిస్కులో దాచుకుంటుంది, అవి బ్యాకప్‌లోకి వెళ్తాయి. రిస్టోర్ చేస్తే ఆ తెల్లవారుజాము యథాతథంగా తిరిగొచ్చింది.

మార్చినవి:

1. ఆ టాపిక్ మీదికి రిటైన్ గుర్తుతో ఖాళీ సందేశం పంపాను. పాతది తుడిచిపెట్టుకుపోతుంది.
2. వంటింటి బోర్డులో బటన్‌రిటైన్ 0, స్విచ్‌రిటైన్ 0.
3. మోటారు బోర్డులో పవర్‌ఆన్‌స్టేట్ 0. కరెంటు వచ్చినప్పుడు ఎప్పుడూ ఆఫ్‌లోనే లేవాలి.
4. మోటారు బోర్డులో పల్స్‌టైమ్ 1900. ఈ లెక్క విచిత్రం: 111 దాటిన అంకెలో 100 తీసేస్తే సెకన్లు. అంటే 1,800 సెకన్లు, అరగంట. మా 1,000 లీటర్ల ట్యాంకు అడుగునుంచి నిండడానికి 22 నిమిషాలు పడుతుందని గడియారం పెట్టి చూశాను. సర్వరు చచ్చినా, వైఫై పోయినా అరగంటకి బోర్డే ఆపేస్తుంది.
5. హోమ్ అసిస్టెంట్‌లో మోటారు నడుస్తోందన్న ఇన్‌పుట్ బూలియన్ (ఆన్/ఆఫ్ గుర్తు) కూడా ఆన్‌గానే తిరిగొచ్చింది. సర్వరు లేవగానే దాన్ని ఆఫ్ చేసే ఆటోమేషన్ ఒకటి చేర్చాను.

మళ్లీ ఎంసీబీ దించి ఎత్తాను. రిలే కదల్లేదు, మీటరు 0. సర్వరు రీస్టార్ట్ చేశాను, 0. రౌటరు ఆపి వేశాను, 0. అప్పుడు వైరు బిగించాను. ఈ ఐదింట్లో ఒక్కటే చేయగలిగితే నాలుగోది చేయండి.

లెక్క: ఖర్చు రూ. 3,230. పరికరాలు 33/34.

దశ 7: డేటాబేస్ సైజు తగ్గించడం

బ్యాకప్ తీసేటప్పుడు రికార్డర్ డేటాబేస్‌కి తాళం వేస్తుంది కాబట్టి బ్యాకప్‌లోని కాపీ చెక్కుచెదరలేదు. పోయినవి ఆ తెల్లవారుజాము నుంచి కూలేదాకా ఉన్న గంటలే.

2.9 జీబీలో డేటాబేసే 2.4 జీబీ. అంత తినేదెవరని చూస్తే, ఇన్వర్టర్ మీటరు సెకనుకోసారి పంపే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ అంకెలు. మీటరు పంపే వ్యవధి 30 సెకన్లకి పెంచాను, ఫ్రీక్వెన్సీని రికార్డర్ నుంచి తీసేశాను, కమిట్ వ్యవధి 5 నుంచి 30 సెకన్లకి మార్చాను. పర్జ్ చేసేటప్పుడు (పాత డేటా తుడిచేటప్పుడు) రీప్యాక్ కూడా ఎంచుకోవాలి, లేకపోతే ఫైలు సైజు తగ్గదు. దానికి డేటాబేస్ అంత ఖాళీ జాగా డిస్కులో ఉండాలి. తర్వాత డేటాబేస్ 410 ఎంబీ, బ్యాకప్ 880 ఎంబీ. కరెంటు వాడకం గంటగంటకీ ఉన్న పాత లెక్కలు దీర్ఘకాలిక గణాంకాల పట్టికలో ఉంటాయి, పర్జ్ వాటిని ముట్టుకోదు.

దశ 8: ఇన్వర్టర్

మెయిన్ దించి ఎత్తి పరీక్షించాను. ఇన్వర్టర్ వెనక మీట నార్మల్ మోడ్‌లో ఉన్నప్పుడు ఫ్యాన్లు తేడా లేకుండా తిరిగాయి, పై బోర్డు మాత్రం కొన్నిసార్లు రీస్టార్ట్ అయింది. ఇన్వర్టర్ ఉందిగా, సర్వరుకి కరెంటు పోదు అన్న ధీమా అక్కడ తేలిపోయింది. యూపీఎస్ మోడ్‌కి తిప్పాక ఎన్నిసార్లు దించినా నిలబడింది. దీనికో ఖరీదు ఉంది: యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు, వేసవి సాయంత్రాలు లైను నీరసించినప్పుడు ముందే బ్యాటరీ మీదికి పోతుంది. మా వీధిలో అది రోజూ ఉండేదే. అయినా అలాగే ఉంచాను.

దశ 9: ఉత్తుత్తి రిస్టోర్, గేటు సెన్సారు

కొత్త బ్యాకప్‌ను పాత ల్యాప్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్‌లో ఎక్కించి చూశాను. ఎక్కింది; ఈసారి మొదటి తెర నుంచే, బ్రౌజర్లోనే. ఇది చేసేవాళ్లు ల్యాప్‌టాప్‌ను రౌటర్లోని గెస్ట్ వైఫైకి కలపండి. మామూలు వైఫైలో ఉంటే ఇంట్లో ఇద్దరు సర్వర్లు ఒకే బల్బుకి ఆజ్ఞలిస్తారు. వర్చువల్‌బాక్స్‌లో నాట్ (ఎన్‌ఏటీ) అనే నెట్‌వర్క్ మోడ్ మనల్ని కాపాడదు, అందులోంచి కూడా ఇంటి నెట్‌వర్క్ అందుతుంది.

గేటు తలుపు సెన్సారు బ్యాటరీ రూ. 40 పెట్టి మార్చినా రాలేదు. అది ఇదివరకు వరండా బల్బు ద్వారా మాట్లాడేది. ఆ బల్బును గోడ స్విచ్ దగ్గర ఆపేసి ఉంచారు. ఈ రకం సెన్సార్లు పాత దారి పోతే కొత్త దారి వెతుక్కోవడానికి మొండికేస్తాయి. వరండా స్విచ్ వేసి, సెన్సారు మీటను పిన్నుతో నొక్కి పట్టి మళ్లీ జత చేశాను. హార్డ్‌వేర్ అడ్రసు అదే కాబట్టి పాత పేరుతోనే వచ్చింది, ఆటోమేషన్లు ముట్టుకోనక్కర్లేదు. స్విచ్ మీద టేపు వేశాను.

లెక్క: ఖర్చు రూ. 3,270. పరికరాలు 34/34.

ఇంకా చేయాల్సినవి: మిగిలిన ఐదు ఈఎస్‌పీహోమ్ బోర్డులకి రీబూట్ టైమవుట్ మార్పు, ఫైబర్ పెట్టెకీ రౌటరుకీ 12 వోల్టుల చిన్న యూపీఎస్, పై 4కి సొంత గడియారం లేదు, నెట్ లేకుండా లేస్తే తేదీ తప్పు చూపిస్తుంది, దానికి ఆర్‌టీసీ మాడ్యూల్.